బానే ఉన్నానండి

మా గోదావరి జిల్లాల్లో ఎవర్ని కదిపినా వచ్చే జవాబు ఒకటే: "బానే ఉన్నానండి, ఆయ్." ఆ మనిషే రాజమండ్రి దానవాయిపేటలో డాక్టరు ముందు కూర్చుని గుండె దడంటాడు, నిద్ర పట్టట్లేదంటాడు, గ్యాసంటాడు. ఈసీజీ తీస్తారు, బానే ఉంటుంది. ఇంకో టెస్టు. అదీ బానే ఉంటుంది. ఆందోళన కూడా అచ్చం ఇలాగే ఒంట్లో బయటపడుతుందన్న అనుమానం ఇంట్లో ఎవరికీ రాదు.

సైకాలజిస్టు దగ్గరికెళ్లమంటే "నాకేం పిచ్చా?" అంటారు. లేదంటే "మాట్లాడితే తగ్గిపోద్దా? మాట్లాడ్డానికి మా ఊళ్లో మనుషుల్లేరా?" ఈ రెండో ప్రశ్న న్యాయమైనదే. అరుగు మీద కబుర్లు మంచివే. కానీ అక్కడ సలహాలే ఎక్కువ, పైగా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో పని వేరు. "నా వల్ల ఏదీ కాదు" అన్న ఆలోచన ఎప్పుడొచ్చింది, దానికి ఆధారమేంటి, అది రాగానే ఏం చేయడం మానేశారు, ఇవన్నీ కాగితం మీద రాయిస్తారు. హోంవర్కు కూడా ఇస్తారు! వారానికోసారి ఓ ముప్పావు గంట, కొన్ని నెలలు. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులూ కావాలి. అవి రాసేది సైకియాట్రిస్టు, సైకాలజిస్టు కాదు.

వెళ్లేముందు ఒకటి చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏదో చిన్న కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్లూ ఉంటారు మరి. ఫీజు కష్టమైతే 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రైనా సరే, డబ్బులక్కర్లేదు.