అరుదైన మాట, అలవాటైన మాట

ఇంగ్లీషులో వ్యాసం రాయడం నేర్చుకునే మన విద్యార్థులలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయి ఉంది. ఒకే అర్థానికి రెండు నామవాచకాలు దొరికితే, అందరికీ తెలిసినది చౌక సరుకనీ, నిఘంటువు తిరగేస్తేగాని దొరకనిది మేలు సరుకనీ వారి విశ్వాసం. 'పావర్టీ' అంటే సరిపోయే చోట 'పెన్యురీ' అంటారు. ఇల్లు తగలబడితే 'ఫైర్' చాలదు, 'కాన్‌ఫ్లగ్రేషన్' కావాలి. మామూలు కట్టడం వారి చేతిలో 'ఎడిఫిస్' అయి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, జవాబు పత్రాలు దిద్దుతూ వస్తున్నవాణ్ణి గనుక ఈ విషయమై నాలుగు మాటలు చెప్పదలచాను.

ఈ నమ్మకాన్ని చూసి నవ్వడం తేలిక. కాని పల్లెటూరి బడిలో తెలుగులో చదువుకొని కాలేజీ మెట్లెక్కిన కుర్రవాడికి ఇంగ్లీషు ఒక భాషగా కాక, ఉద్యోగానికి తెరుచుకునే గుమ్మంగా ఎదురవుతుంది. ఆ గుమ్మం దగ్గర కూర్చున్నవారు పెద్ద మాటకు పెద్ద మార్కు వేస్తారని అతను విన్నాడు. కొన్ని చోట్ల అది నిజం కూడాను. అందుచేత అతన్ని తప్పుపట్టే ముందు, మాటల మధ్య ఈ హెచ్చుతగ్గులు ఎక్కడినుంచి వచ్చాయో మనం విచారించాలి.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాలకుల భాష ఫ్రెంచి అయింది. చర్చికీ చదువుకూ లాటిన్ ఉండనే ఉంది. పొలం దున్నేవాడి నోట ఇంగ్లీషు మిగిలింది. దొడ్లో ఉన్నంతకాలం 'ఆక్స్' అయినది దొరవారి పళ్లెంలోకి వచ్చేసరికి 'బీఫ్' అవుతుందన్న సంగతిని వాల్టర్ స్కాట్ 1819లో 'ఐవన్‌హో' నవలలో ఒక విదూషకుడి నోట పలికించి లోకప్రసిద్ధం చేశాడు. ఆ తరువాత 16వ శతాబ్దంలో పండితులు లాటిన్ మాటలను బస్తాలకొద్దీ దిగుమతి చేశారు. 1553లో థామస్ విల్సన్ వాటిని 'సిరాబుడ్డి మాటలు' అని ఎగతాళి చేశాడు. ఎగతాళి చేసినా అవి ఆగలేదు. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు సుమారు 2,500 మాటలతో ఒక చిన్న నిఘంటువు అచ్చువేశాడు. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువుగా దాన్ని లెక్కిస్తారు. అందులో ఉన్నవి అందరూ వాడే మాటలు కావు, కష్టమైన మాటలు. అది ఎవరికోసమో ఆయనే ముఖపత్రం మీద చెప్పుకున్నాడు: స్త్రీలకూ, చదువులో నేర్పు లేనివారికీ. అంటే లాటిన్ బడి గడప తొక్కనివ్వని వారికి. తాళం వేసినవారు ఒకరు, తాళంచెవి కోసం వెతుక్కోవలసినవారు మరొకరు. మన విద్యార్థి అవస్థ కొత్తది కాదన్నమాట.

దీనికి విరుగుడుగా ఆంగ్లేయులే ఒక సూత్రం చెప్పుకున్నారు. దూరాన్నుంచి ఈడ్చుకొచ్చిన మాటకంటె తెలిసిన మాట మేలని 1906లో ఫౌలర్ సోదరులు 'ది కింగ్స్ ఇంగ్లీష్'లో బోధించారు. ప్రభుత్వోద్యోగుల రాతలు జనానికి అర్థం కావడం లేదని గ్రహించి 1948లో ఎర్నెస్ట్ గవర్స్ 'ప్లెయిన్ వర్డ్స్' రాశాడు. గిడుగు, గురజాడల వల్ల కళ్లు తెరిచిన మనకు ఈ సూత్రం వెంటనే నచ్చుతుంది. నా క్లాసులో నేను మొదట చెప్పేదీ అదే. అయితే అక్కడితో ఆగిపోతే మనం ఇంకొక గుంటలో పడతాము. పర్యాయపదాలు అనేవి ఒకే కొలతకు కోసిన గుడ్డముక్కలు కావు. 'పెన్యురీ' అంటే వట్టి పేదరికం కాదు, పూట గడవని దరిద్రం. ఆ తేడా చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మాటే కావాలి.

కమ్యూనిస్టు ప్రణాళిక ఇంగ్లీషు అనువాదాలు ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి అనువాదం 1850 నవంబరులో లండన్‌లో 'రెడ్ రిపబ్లికన్' పత్రికలో వచ్చింది. అనువదించినది హెలెన్ మాక్‌ఫర్లేన్. మొదటి వాక్యంలోని జర్మన్ మాటకు ఆమె 'హాబ్‌గాబ్లిన్' అన్న మాట ఎంచుకున్నది. అది ఇంగ్లండులో పిల్లలకు చెప్పే కథల్లోని అల్లరి దయ్యం, ఇంటింటా తెలిసిన మాట. 1888లో శామ్యూల్ మూర్, ఎంగెల్సు పర్యవేక్షణలో, దాన్ని 'స్పెక్టర్' చేశాడు. ఇది లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాట. తెలిసిన మాటే మేలన్న సూత్రం ప్రకారం మాక్‌ఫర్లేన్ గెలవాలి. కాని లోకంలో నిలిచింది మూర్ మాట.

కారణం ఏమిటని విద్యార్థులను అడుగుతూ ఉంటాను. అందరికంటె తెలిసిన మాట 'ఘోస్ట్' ఉన్నది కదా, ఇద్దరూ దాన్ని ఎందుకు వదిలారని కూడా అడుగుతాను. నాకు తోచిన సమాధానం ఇది. 'ఘోస్ట్' అనగానే చచ్చినవాడు గుర్తుకొస్తాడు. పుట్టి ఎదుగుతున్న ఒక శక్తికి చచ్చినవాడి ఆత్మతో పోలిక కుదరదు. 'హాబ్‌గాబ్లిన్'లో భయం కొంత ఉన్నా నవ్వు ఎక్కువ. పాలకుల భయాన్ని వెక్కిరించడానికి అది బాగానే పనికివచ్చింది. మాక్‌ఫర్లేన్ రాసింది చార్టిస్టు ఉద్యమంలో ఉన్న కార్మికులకోసం గనుక ఆమె ఎంపికను తీసిపారేయడానికి వీల్లేదు. కాని భయపడేవారి భయం నిజమైనదని చెప్పడానికి 'స్పెక్టర్' కావలసి వచ్చింది. అలవాటైన మాట తనతో పాటు తన ఇంటి వాసన తెస్తుంది. అది మన పనికి సాయపడుతుందా, అడ్డమొస్తుందా అన్నది చూసుకోవాలి.

మార్క్సు కూడా ఈ సంగతి గమనించాడు. 17వ శతాబ్దపు ఆంగ్ల రచయితలు వస్తువు ఉపయోగపు విలువకు 'వర్త్' అనీ, మారకపు విలువకు 'వేల్యూ' అనీ వాడారని 'పెట్టుబడి' గ్రంథంలో ఒక పాదసూచికలో రాశాడు. ఉన్న వస్తువుకు జర్మానిక్ మాట, దాని ప్రతిబింబానికి లాటిన్ సంతతి మాట వాడడం ఆ భాష స్వభావమన్నాడు. 'వర్క్', 'లేబర్' అన్న జంటలోనూ ఇటువంటి సదుపాయమే ఉన్నదని ఎంగెల్సు చూపాడు. 1885లో మార్క్సు అనువాదాల మీద రాసిన వ్యాసంలో, జర్మన్‌లో కొత్తగా కల్పించిన పరిభాషకు ఇంగ్లీషులోనూ కొత్త మాటలు కల్పించక తప్పదన్నాడు. జనానికి అర్థం కావాలని ఆయనకు లేక కాదు. అర్థమయ్యేది అసలు విషయమే కావాలని.

ఇది పుస్తకాలకు మాత్రమే సంబంధించిన గొడవ కాదు. కొన్నేళ్ల కిందట ఒక మిల్లు కార్మికులు ఇంగ్లీషు నోటీసు తెచ్చి తెలుగు చేసి పెట్టమన్నారు. అందులో 'రిట్రెంచ్‌మెంట్' అని ఉన్నది. "పనిలోంచి తీసెయ్యడమే కదా మాస్టారూ, దానికింత గొట్టు మాట దేనికి?" అన్నాడు వారిలో పెద్దాయన. ఆయన కోపం న్యాయమైనదే. ఖర్చు తగ్గింపుకు వాడుకలో ఉన్న మాటను మనుషులకు తగిలించి, వారిని పద్దుల్లో అంకెలుగా మార్చిన మాట అది. కాని నేను దాన్ని 'తీసివేత' అని ఊరుకోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 1953లో ఆ మాట నిర్వచనంతో సహా ఎక్కింది. తప్పుచేశాడని శిక్షగా తొలగించడం దాని కిందికి రాదు. ఏడాదికి తక్కువకాకుండా ఎడతెగక పనిచేసిన కార్మికుణ్ణి ఆ పేరుతో తీసివేయాలంటే నెల రోజుల నోటీసు గాని ఆ నెల జీతం గాని ఇవ్వాలనీ, నిండిన ప్రతి సంవత్సరపు సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలనీ ఆ చట్టం చెప్పింది. ఆ నోటీసులో 'డిస్మిసల్' అన్న తెలిసిన మాట ఉండి ఉంటే ఆ పరిహారం మాటే ఉండేది కాదు. ఈ సంగతి వివరించాక ఆ పెద్దాయన ఆ గొట్టు మాటను నాలుగుసార్లు పలికి నోటికి పట్టించుకున్నాడు.

కాబట్టి నేను విద్యార్థులకు చెప్పేది ఇంతే. అరుదైన మాట కలం అంచుకు వచ్చినప్పుడు దాన్ని తీసి అలవాటైన మాట పెట్టి చూడండి. అర్థం చెక్కుచెదరకుండా ఉంటే అరుదైన మాట వట్టి అలంకారం, వదిలెయ్యండి. అర్థంలో ఏదైనా జారిపోతే ఆ జారిపోయినదేమిటో మీకు మీరు చెప్పుకోండి. చెప్పగలిగితే అరుదైన మాటను ఉంచి, పాఠకుడికి పక్కనే విప్పి చెప్పండి. చెప్పలేకపోతే ఆ మాట మీకే తెలియదన్నమాట.

ఉపాధ్యాయ మిత్రులకు చెప్పవలసింది మరొకటి ఉన్నది. పెద్ద మాటకు ఊరికే మార్కు వేయడం ఎంత అన్యాయమో, పేదింటి పిల్లలకు చిన్న మాటలు చాలులెమ్మనడం అంతకంటె పెద్ద అన్యాయం. నోటీసులూ, ఒప్పందాలూ, తీర్పులూ ఇంకా ఆ మాటలతోనే నడుస్తున్నాయి. వాటిని వాడనక్కరలేని చోట వాడకుండా ఉండే వివేకమూ, ఎదురైనప్పుడు విప్పి చదివే శక్తీ రెండూ మన విద్యార్థికి కావాలి. ఒకటి ఇచ్చి రెండోది దాచుకుంటే మన చదువు సగం చదువే అవుతుంది.