విండోస్ తప్పు కాకపోవచ్చు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ కొన్నవాళ్లలో చాలామందికి తెలుసు. అక్కడ ఒక చిన్న రిపేరు షాపులో, పని ఎలా జరుగుతుందో చూద్దామని మధ్యాహ్నం పూట కూర్చున్నాను.

డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన సీపీయూ మోసుకొచ్చాడు. పెళ్లికార్డు డిజైన్ చేస్తుండగానే తెర నీలంగా మారి మెషీన్ ఆగిపోతోందట. ఇంకోచోట రెండుసార్లు ఫార్మాట్ చేయించాడు.

"మళ్లీ విండోస్ ఎక్కించన్నా, అర్జెంటు."

"వద్దన్నా. రెండుసార్లు ఎక్కించిన్రు కదా, తగ్గిందా? ఆగుండ్రి, సామాను చూద్దాం."

మెకానిక్ ముందు హార్డ్‌డిస్క్ ఊడదీసి షాపు మెషీన్‌కు తగిలించాడు. ఫైళ్లన్నీ అక్కడే కాపీ చేశాడు. ఒకవేళ మెమరీయే పాడై ఉంటే, ఆ మెషీన్ మీద చేసిన కాపీలోనూ తప్పులు చేరవచ్చు. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ లెక్కల్లో చెడిన సెక్టార్లేవీ లేవు. తర్వాత మినీడంప్ ఫోల్డర్ తెరిచాడు. విండోస్ కూలిపోతూ వదిలే ఆనవాళ్లు అందులో ఉంటాయి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు కనిపిస్తే దాన్నే అనుమానించేవాడు. ఇక్కడ ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్, మరోసారి ఫైల్ సిస్టమ్. మెమరీలో ఒక్క బిట్ తారుమారైతే చాలు, దాన్ని ఆ క్షణాన వాడుకుంటున్న డ్రైవర్ మీదికే నింద పోతుంది. అందుకే పేర్లు మారుతుంటాయి. ఫైళ్లు ఇంకా పాడవకుండా విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. దాన్నే మనం రోగం అనుకుని ఫార్మాట్ కొట్టేస్తాం. చెడిన మెమరీ గుండానే కొత్త విండోస్ కూడా డిస్క్‌కు చేరుతుంది కదా!

పవర్ సప్లైకి మల్టీమీటర్ పెట్టాడు. 12 వోల్టుల తీగ 11.4, 12.6 మధ్య ఉండాలి, ఉంది. బయాస్‌లో ర్యామ్ వేగాన్ని మామూలుకు తగ్గించాడు. అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 మొదలుపెట్టాడు. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన ప్రోగ్రామ్ ఇది. విండోస్ లేకుండానే నడుస్తుంది. ర్యామ్‌లో ఒక్కో చోట ఒక వరస రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. కాసేపటికే తెరపై ఎర్రటి వరసలు పడ్డాయి.

ఇక్కడే ఆయన ఓపిక నాకు బాగా నచ్చింది. రెండు ర్యామ్ స్టిక్కులూ తీసి, బంగారు పూత ఉన్న అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించాడు. ఒకేసారి రెండు మారిస్తే తప్పు దేనిదో తేలదు. మొదటిది శుభ్రంగా నడిచింది. రెండోది అదే స్లాట్‌లో తప్పింది, పక్క స్లాట్‌లోనూ తప్పింది. అంటే మదర్‌బోర్డుది కాదు, స్టిక్కుదే లోపం. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో పది లక్షల పీసీల క్రాష్ వివరాలు పరిశీలించి చెప్పిందీ దీనికి దగ్గరే: హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి కూలిన మెషీన్ మళ్లీ కూలే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. దానంతటదే తగ్గుతుందని వదిలేయడానికి లేదు.

"వారంటీ ఉంటే బిల్లు పట్టుకుపోండి, కొత్తదిస్తరు," అన్నాడు మెకానిక్. డీటీపీ ఆయన ముఖం వెలిగింది. "ఇంకో మాటన్నా. ఈ లొల్లి మొదలైనప్పటి నుంచి సేవ్ చేసిన ఫైళ్లన్నీ ఒక్కొక్కటి తెరిచి చూడుండ్రి. ప్రింటుకు పంపినంక తప్పు దొరికితే కష్టం."

డీటీపీ ఆయన అక్కడే స్టూలు లాక్కుని, కాపీ చేసిన ఫోల్డర్ తెరిచి మొదటి కార్డు చూడసాగాడు.