రెండు పసుపు గోలీలు

అమ్మకి కీళ్ళవాతం. ఆసుపత్రి భాషలో రుమటాయిడ్ ఆర్థరైటిస్. అమ్మా నాయినా ఉండేది మిర్యాలగూడలో, డాక్టరు సూర్యాపేటలో, అక్కది కోదాడ. నేను హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఫోన్లో కొడుకు బాధ్యతలు నిర్వహిస్తుంటాను.

డాక్టరు రెండు మందులు రాశారు. మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు వారానికి ఒక్కసారే, ఆదివారం. మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్. రెండూ పసుపు గోలీలే. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. "అమ్మా, చిన్నది రోజూ, కొంచెం పెద్దది ఆదివారం" అని చెప్పాను. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల వేరే కంపెనీ షీట్లు వచ్చాయి. ఈసారి చిన్నది మెథోట్రెక్సేట్. అమ్మ నేను చెప్పినట్టే వేసుకుంది. చిన్నది, రోజూ.

మందుని పేరుతో కాకుండా సైజుతో గుర్తు పెట్టించాను. మా ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా హార్డ్‌కోడ్ చేస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడేవాణ్ణి.

వారం తిరక్కముందే ఫోన్. "నోరంతా పూసింది బిడ్డా, మెతుకు మింగుడు పడ్తలేదు." నేను మీటింగులో ఉన్నాను. మ్యూట్ నొక్కి, "వేడి చేసుంటది, మజ్జిగ తాగు" అని పెట్టేశాను. రెండు రోజులకి విరేచనాలు. అక్క కోదాడ నుంచి వెళ్ళి చూసి, మాట్లాడకుండా కారు మాట్లాడి సూర్యాపేట తీసుకుపోయింది. డాక్టరు షీటు తెప్పించుకుని ఖాళీలు లెక్కపెట్టారట. తొమ్మిది. రక్తపరీక్షలో తెల్లకణాలు వెయ్యికి దిగువన. సాయంత్రానికల్లా హైదరాబాద్‌లో చేర్పించాం.

నోటి పుండ్లు అద్దంలో కనిపిస్తాయి. పేగుల్లో జరిగేది కనపడదు. పేగు లోపలి గోడ ఒకే ఒక్క కణం మందం. మడతలన్నీ విప్పి పరిస్తే ముప్ఫై చదరపు మీటర్ల దాకా వస్తుందంటారు. అంటే మా అద్దె ఫ్లాట్‌లో హాలూ వంటిల్లూ కలిపినంత. ఇటు పక్క కోటానుకోట్ల బ్యాక్టీరియా, అటు పక్క రక్తం. అంత పల్చటి గోడ గట్టిగా ఉండటం వల్ల కాదు, ఎప్పటికప్పుడు చస్తూ పుడుతూ ఉండటం వల్ల నిలబడుతుంది. అడుగున గుంటల్లో కణాలు పుడతాయి, పైకి జరుగుతాయి, మూడు నుంచి అయిదు రోజుల్లో కొసకి చేరి రాలిపోతాయి. రాలేటప్పుడు పక్క కణాలు దగ్గరికి జరిగి సందు మూసేస్తాయి. సూక్ష్మజీవి సోకిన కణమైతే అది లోపలికి పాకకముందే తనంతట తాను రాలిపోగలదు. ఇక్కడ చావు కూడా కాపలాలో భాగమే.

లెక్క తప్పితేనే ప్రమాదం. రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోతే టీఎన్ఎఫ్ లాంటి సంకేతాలు ఎక్కువై, సందులు మూసుకునే వేగం కంటే కణాలు రాలే వేగం పెరుగుతుంది. బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది, దాన్ని చూసి వ్యవస్థ ఇంకా రెచ్చిపోతుంది. క్రోన్స్ జబ్బులో పేగుల్లో నడిచే కథ ఇది. అదే టీఎన్ఎఫ్ అమ్మ కీళ్ళలోనూ మంట పెడుతోంది. దాన్ని చల్లార్చడానికే వారానికో గోలీ. రోజూ వేసుకునేసరికి పేగు అడుగున పుట్టాల్సిన కణాలు పుట్టలేదు, కొన్ని అక్కడికక్కడే చచ్చాయి. పైన రాలేవి మాత్రం టైముకి రాలుతూనే ఉన్నాయి. ఎముక మజ్జలోనూ ఉత్పత్తి పడిపోయింది కాబట్టి, గోడకి చిల్లులు పడ్డ వేళకే కాపలావాళ్ళూ లేరు.

రైస్ మిల్లులో గుమాస్తాగా రిటైరైన నాయినకి ఇదంతా చెప్పబోతే మధ్యలోనే ఆపాడు. "అంటే గోదాంల నుంచి బస్తాలు పోతున్నయి, వడ్ల లారీలు వస్తలేవు." ఇంత బాగా నేను చెప్పలేను.

అమ్మకి ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండో రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఫోలిక్‌కీ ఫోలినిక్‌కీ తేడా వెతుకుతుంటే యల్లాప్రగడ సుబ్బారావు తగిలాడు. చిన్నప్పుడు జీకే పుస్తకంలో ఒక్క లైను. భీమవరంలో 1895లో పుట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూతో పోయారు, ఆయనకీ అదే జబ్బు వచ్చి తగ్గింది. స్ప్రూ అంటే పేగు గోడ అరిగిపోవడమే. గోడ అరిగితే ఫోలేట్ ఒంటికి పట్టదు, ఫోలేట్ లేకపోతే కొత్త కణాలు పుట్టవు, గోడ ఇంకా అరుగుతుంది. 1945లో అమెరికాలోని లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది. అది స్ప్రూకి పనిచేసింది.

నన్ను ఆపేసింది ఆ తర్వాతి సంగతి. అదే ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌కి నకిలీలు కూడా చేసింది. అమినోప్టెరిన్, దాని తర్వాత మెథోట్రెక్సేట్. అణువులో ఒకటి రెండు మూలల్లో చిన్న మార్పు, అంతే. ఫోలేట్‌ని వాడకానికి సిద్ధం చేసే ఎంజైము ఆ నకిలీని అసలనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. కణం విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని లుకేమియా పిల్లలకి ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. 53 ఏళ్ళు.

అంటే ఈ మందు పనిచేసేదే పోలికతో మోసపుచ్చి. ఎంజైము మోసపోయినట్టే అమ్మా మోసపోయింది. కాకపోతే ఎంజైముకి ఎవరూ ఫోన్లో తప్పు గుర్తు చెప్పలేదు. ఆ ఎంజైము బందీ అయ్యాక మామూలు ఫోలిక్ యాసిడ్ ఎంత మింగినా పెద్దగా లాభం లేదు, దానికీ ఆ దారే కావాలి. ఫోలినిక్ పక్కదారిన వెళ్తుంది.

కడుపు మంట, కడుపు కోత, పేగు తెంచుకుని పుట్టినవాడు. తెలుగులో ప్రేమా పగా అన్నీ పొట్టలోనే కాపురముంటాయి. ఇన్ని కథలు చదివాను, కొన్నింటి మీద సమీక్షలూ రాశాను, పేగు అన్న చోట ఒక్కసారీ నిజం పేగు గుర్తుకు రాలేదు.

పన్నెండో రోజు కౌంట్లు పెరిగాయి. డాక్టరు మెథోట్రెక్సేట్ పూర్తిగా ఆపేసి వేరే మందు రాశారు. అక్క షీట్ల మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో పేర్లు రాసింది. నేను డబ్బాలకి స్టిక్కర్లు అంటిస్తుంటే అమ్మ చూస్తూ కూర్చుంది. కోపమేమీ లేదు, ఏదో గుర్తొచ్చినట్టు అన్నది.

"ఆ రోజు మజ్జిగ తాగుమన్నవు గదా. తాగిన బిడ్డా. బాగ మండింది."