పుచ్చు వంకాయలే కావాలి!

మా ఆయనకు ట్రినిడాడ్‌లో యూనివర్సిటీ ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, జలదంకిలో మా అమ్మ అడిగిన మొదటి మాట: "అక్కడ వంకాయలు దొరకతాయా?"

కరీబియన్ దీవులంటే మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకేమీ తెలీదు. నాకు మాత్రం ఏం తెలుసు! 2017లో సెయింట్ అగస్టీన్‌లో కాపురం పెట్టాం. మొదటి శనివారం పక్కనే ఉన్న టునాపునా మార్కెట్‌కి వెళ్లి నోరు తెరిచాను. వంకాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వాళ్లు బైగన్ అంటారు. కాకర వాళ్లకు కరైలా, మునక్కాయ సైజన్, తోటకూర చౌరాయి భాజీ, అలసంద కాయేమో బోడీ!

1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ తొలిసారి మనవాళ్లను అక్కడ దించింది. 1917 దాకా చెరకు తోటల్లో పనికి దాదాపు లక్షా నలభై వేల మంది వెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురి సీమవాళ్లు. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ, తమిళులూ ఉన్నారు. తాతల భాష చాలావరకు పోయినా కూరగాయల పేర్లు మాత్రం నాలుక మీద మిగిలాయి.

అప్పటికి నాకు నాలుగో నెల. ఆకుకూరలు బాగా తినమంది డాక్టరమ్మ. మందులు కొట్టనివి ఎక్కడ దొరుకుతాయా అని వెతుకులాట మొదలైంది. సూపర్ మార్కెట్లో 'ఆర్గానిక్' ముద్ర ఉన్న పొట్లాలు ఉండేవి. అన్నీ అమెరికా సరుకే. ధర చూస్తే కళ్లు తిరిగేవి, ఆకు చూస్తే జాలేసేది. మార్కెట్లోనేమో ఆ దీవిలోనే పండిన తాజా కూరలు, ముద్రలేవీ ఉండవు. చేసేదేముంది, కనపడినవాళ్లనల్లా అడిగేదాన్ని, "మందు కొట్టారా?" అని. అందరిదీ ఒకటే జవాబు, "అబ్బే, లేదు."

ఒక ముసలావిడ మాత్రం లేదనలేదు. అరాంగెజ్ పొలాల నుంచి కూరలు తెచ్చేది. అందరూ నాని అని పిలిచేవాళ్లు. అక్కడ అమ్మమ్మను అలాగే పిలుస్తారు. నా పొట్ట వంక చూసి, "కొట్టాను బేటీ, మొన్న బుధవారమే. నువ్వు తీసుకోకు," అంది. బల్ల కింద నుంచి చిన్న సంచి లాగింది. వంకర టింకర వంకాయలు, చిల్లులు పడ్డ తోటకూర. "ఇవి మా పెరట్లోవి. ఇంట్లోకి ఉంచుకున్నాను."

"మరి వీళ్లందరికీ?" అన్నాను.

నాని కాసేపు మాట్లాడలేదు. "వాళ్లకు నిగనిగలాడేవే కావాలి," అంది చివరికి.

పాప పుట్టేదాకా ఆ పెరటి కూరలే తిన్నాను.

2019 సంక్రాంతికి పాపను ఎత్తుకుని జలదంకి వచ్చాం. నాయన దొడ్లోంచి నాలుగు పుచ్చు వంకాయలు కోసుకొచ్చాడు. "నాయనా, చేలో అంత మంచి కాయలు పెట్టుకుని ఇవెందుకు?" అన్నాను.

"అవి కావలికి పోయేవి లేమ్మా. బిడ్డకు పెట్టేవి కావు."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. సముద్రాలవతల బల్ల కింద చూసిన సంచి మా ఇంట్లోనూ ఉంది! నేను పెరిగింది ఆ సంచి తినే. నన్ను చదివించింది మాత్రం కావలికి పోయిన గంపలు.

"కావలిలో బిడ్డలు లేరా నాయనా?" అన్నాను, ఉండబట్టలేక.

నాయనకు కోపం రాలేదు. "ఒక్క పుచ్చు కనపడితే గంప మొత్తం సగం రేటుకు అడగతారు. అప్పు నువ్వు కడతావా?"

ఏం చెప్పను! ట్రినిడాడ్‌లో విన్న క్యూబా సంగతి చెప్పాను. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక వాళ్లకు ఎరువులూ పురుగుమందులూ కరువయ్యాయి. హవానా నగరంలో ఖాళీ జాగాల్లో కంపోస్టు వేసి కూరగాయలు పండించారు. తిండి కష్టాలన్నీ తీరలేదు గానీ, కూరలైతే పండాయి. నాయన విని, "వాళ్లకు వేరే దారి లేదు. మాకుందే!" అన్నాడు.

తమ్ముడు మాత్రం పది సెంట్లు ఇమ్మన్నాడు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం నేర్పుతోంది కదా. రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం చేశాడు. పురుగుకు వేపాకు కషాయం, లింగాకర్షక బుట్టలు. మొదటి కాపు తగ్గింది. పుచ్చులూ వచ్చాయి. అప్పుడు కావలిలో ఉన్న మా పిన్నివాళ్లూ ఇంకో నాలుగిళ్లవాళ్లూ ఒక మాట అనుకున్నారు. ఏడాదంతా ఒకటే రేటు, పుచ్చున్నా వెనక్కి పంపేది లేదు. ఆ ఒక్క మాటతో పది సెంట్లు ముప్పై అయ్యాయి. మిగతా చేలో నాయన ఇప్పటికీ మందు కొడుతూనే ఉన్నాడు. ఆయన్ను తప్పు పట్టే ముందు, బజార్లో నిగనిగలాడే కాయల్నే ఏరుకునే నా చేతుల్ని చూసుకుంటాను.

ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాం. ఆదివారం పొద్దున తమ్ముడు పంపిన సంచి బస్సులో వస్తుంది. కూర తరుగుతుంటే మా పాప, "అమ్మా, పురుగు!" అని అరుస్తుంది.

"మనకంటే ముందు అది తిని చూసిందిలే. భయం లేదు," అంటాను.