దూరం పెరిగినా గంటలు తగ్గిన దారి

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానంలో నా చూపంతా ముందు సీటు వెనకున్న చిన్న తెర మీదే. వేగం గంటకు 1,050 కిలోమీటర్లు దాటుతుంది, కాసేపటికి 980కి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఇంజన్ల హోరులో మాత్రం తేడా లేదు. గాలిని కోసుకుంటూ విమానం పోయే వేగం ఇంచుమించు 900 దగ్గరే ఉంటుంది. తక్కినది వెనక నుంచి తోసే గాలి చలవ. ఆ అంకెలు చూస్తున్నకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: రెండు ఊళ్ల మధ్య ఎన్ని కిలోమీటర్లో తెలిసినంత మాత్రాన ప్రయాణం ఎంతసేపో తెలిసినట్టు కాదు.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్లకూ దారం బిగించి పడితే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. దారం హిమాలయాలు, టిబెట్ పడమటి అంచు, సైబీరియా, ఆర్కిటిక్ మీదుగా పోతుంది. టిబెట్‌లో నేలే నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడ దిగే చోటే లేదు. మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలే వస్తుంది. అందుకే దగ్గరి దారిని వదులుకుంటారు. ఎయిర్ ఇండియా మొదట పడమటికి, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది: 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపితే 15,300 అయింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ చేసిన మేలది.

భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది అంటారు. భూమితోపాటు దాన్ని చుట్టుకున్న గాలీ తిరుగుతోంది కదా! గాలుల దిశను మలచడంలో ఆ భ్రమణానికి పాత్ర ఉంది, అంతవరకే. గాలి రుతువును బట్టి మారుతుంది, దూరం మాత్రం మారదు, ఇంధనానికీ టికెట్ ధరకూ అదే ఆధారం అన్న వాదన ఇంకొంచెం బలమైనది. కానీ ఇంజన్ ఇంధనం తాగేది గాలిలో ఉన్న ప్రతి నిమిషానికీ. పైగా ఎగిరే దూరమూ స్థిరం కాదు. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ హెల్సింకీ–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి సుమారు పదమూడుకు పెరిగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు దారి మూశాక ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవీ చుట్టు తిరగాల్సి వచ్చింది. ఊళ్లు కదల్లేదు, దారులు కదిలాయి.

కాలిఫోర్నియాలో ఉన్న పిల్లలకు నాదొక మనవి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అమ్మానాన్నలకు టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు చూసి గంటలు అంచనా వేయకండి. ఆ నెలలో ఆ విమానం నిజంగా ఎంతసేపు ఎగురుతోందో, మధ్యలో ఎక్కడ ఆగుతోందో, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ఎంత పెరుగుతుందో చూసి కొనండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అదనపు రెండు గంటలంటే చాలా ఎక్కువ.