స్ట్రెచర్ మోసేవాడి నడుం నొప్పి

నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీని. కళ్యాణదుర్గం చుట్టూ శెట్టూరు, కుందుర్పి, కంబదూరు దిక్కు ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి. యాక్సిడెంట్లు, కాన్పులు తట్టుకున్నా. నన్ను తినేసింది పురుగుల మందు కేసులు. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోట్లో నురగ ఆగదు. సక్షన్ పెడుతూ, ఫోన్‌లో డాక్టరు చెప్పినట్టు అట్రోపిన్ ఎక్కిస్తూ అనంతపురం దాకా దాదాపు 60 కిలోమీటర్లు. ఒక రైతు దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. "శెనక్కాయ ఎండిపాయ, బోర్లో నీళ్ళు పడల్యా" అని నాకు సంజాయిషీ చెప్పుకున్నాడు. పెద్దాసుపత్రి గేటు దాటకముందే పోయినాడు.

ఆ తర్వాత అన్నంలో మందు వాసన. ఫోన్ మోగితే చేతులు వణుకు. నిద్ర లేదు. నా భార్య తాయెత్తు కట్టించింది. కాదనలేదు, తాయెత్తుకు ఓపీ చీటీ ఉండదు గదా.

మాకు దగ్గర్లో మానసిక వైద్యం ఉచితంగా దొరికేది ఆ పెద్దాసుపత్రిలోనే. చిక్కంతా అదే. స్ట్రెచర్ తోసే పిల్లోడి నుంచి సిస్టర్ల దాకా అందరికీ నేను తెలుసు. "ఎవర్ని తెచ్చినావన్నా?" అని అడుగుతారు. మానసిక ఓపీ వరుసలో నిలబడి ఏం చెప్పేది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు రహస్యమే. ఓపీ వరుస మాత్రం అందరి ఎదుటా ఉంటుంది. సాయంత్రానికి మిగతా బండ్లవాళ్ళకు తెలిసిపోతుంది. పిచ్చోడి చేతికి సూది ఎట్లిస్తారని ఎవరన్నా అంటే ఉద్యోగం ఏమవుతుందోనని భయం.

చివరికి 14416కు ఫోన్ చేసినా. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు అది. రోజూ కేసు చెప్పే నోరు కదా, "పురుషుడు, వయసు 36, నిద్రలేమి" అని మొదలుపెట్టినా.

"పేషెంటు మీ దగ్గరే ఉన్నారా సార్?" అంది ఫోన్ ఎత్తిన అమ్మాయి.

"నేనే" అనడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరుకు చూపించుకోమంది. విశాఖ మానసిక వైద్యశాల మాకు రాష్ట్రం ఆ కొసన ఉంది. బెంగళూరు నిమ్హాన్సే దగ్గర, అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు. నడుం నొప్పని లీవు అడిగినా. స్ట్రెచర్లు మోసేవాడికి నడుం నొప్పంటే ఎవరూ మారుమాట అడగరు.

మాత్రలతో డ్యూటీలో మత్తు వస్తుందేమోనని అక్కడి డాక్టరమ్మను అడిగితే వేళలు మార్చి రాసింది. పగటి డ్యూటీ వారాల్లో ఇప్పుడు నిద్ర పడుతోంది. రాత్రి డ్యూటీ వారం ఇంకా కష్టమే.