వడోదరలో అసలు సరస్వతి

రవివర్మ సరస్వతి పటం చూడని తెలుగింటి ఆడవాళ్లు ఉండరేమో! తెల్లచీర, చేతుల్లో వీణ, పక్కన నెమలి. ఆ పటం ముందు పెట్టుకుని ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుందామని సరదాపడే వాళ్లూ చాలామందే. నేనూ వాళ్లలో ఒకదాన్ని. అయితే పటం నేర్పేది కొంతే. మిగతాది తెలియాలంటే అసలు చిత్రం ముందు నిలబడాల్సిందే. అది గుజరాత్‌లోని వడోదరలో ఉంది.

విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వడోదరలో ఆగుతుంది. గాయక్వాడ్ రాజుల లక్ష్మీవిలాస్ పాలెస్ ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. ఆ ఆవరణలోనే, ఒకప్పుడు రాజకుటుంబం పిల్లలు చదువుకున్న భవనంలో మహారాజా ఫతేసింగ్ మ్యూజియం ఉంది. మూడో శాయాజీరావు మహారాజు రవివర్మ చేత పురాణ చిత్రాలు వేయించుకున్నారు. వాటిని ఇక్కడ చూడొచ్చు.

సరస్వతి 1896లో వేసిన చిత్రం. ముందు కాస్త దూరం నుంచి చూడండి. తర్వాత దగ్గరికి వెళ్లండి. తెల్లచీరే కదా అనుకుంటాం. కానీ అచ్చమైన తెలుపు వెలుగు పడిన మడతల మీదే ఉంది. తక్కినదంతా బూడిదరంగు, లేత పసుపు. ఏడాదిగా మా ఇంట్లో సరస్వతికి ముఖం లేదు. బుగ్గ దగ్గర రంగు ఎక్కడ మారుతోందో పటంలో ఎంత చూసినా అంతుపట్టలేదు. ఇక్కడ చూస్తే అసలు గీతే లేదు! వెలుగు మెల్లగా నీడలో కలిసిపోయింది.

పటంలో ఇది ఎందుకు కనిపించదంటారా? రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించారు. అది రాతి అచ్చు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి కావాలి. అందువల్లే దేవుళ్లు ఇంటింటికీ వచ్చారు కానీ, సన్నని ఛాయలు దారిలోనే జారిపోయాయి.

ఇంట్లో వేసేవారికి నాలుగు మాటలు. పటం మీద, కాన్వాస్ మీద సమానంగా గళ్లు గీసుకుంటే కొలత తప్పదు. మొదటి పూత టర్పెంటైన్‌తో పల్చగా, ఒక్క గోధుమరంగుతో వెలుగునీడలు మాత్రం వేయండి. అది ఆరాకే పై రంగులు. పై పూతల్లో లిన్సీడ్ ఆయిల్ పాలు పెంచుతూ పోవాలి. తిరగేస్తే రంగు బీటలు వారుతుంది. టర్పెంటైన్ పొయ్యి దగ్గరికి తేవద్దు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోవచ్చు. విడదీసి బయట ఆరేయండి.

గురువు లేడని బెంగ వద్దు. 1868లో థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు తిరువనంతపురం వచ్చినప్పుడు, రవివర్మకి నేర్పడానికి ఒప్పుకోలేదట. తాను వేస్తుంటే చూడనిచ్చాడంతే. ఆ చూపుతోనే రవివర్మ అంతవాడయ్యాడు.

“ఈ వయసులో బొమ్మలేమిటి?” అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. వంటింటి పని తీరాక దొరికే గంట మనదే. వడోదర వెళ్తే ఒక పూట ఆ గదికే కేటాయించండి. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు మరవకండి. చీర మడతలు ఎటు వాలాయో, వీణ మీద వేళ్లు ఎలా వంగాయో రాసుకోండి. ఇంటికొచ్చాక పటం కన్నా ఆ కాగితమే ఎక్కువ అక్కరకొస్తుంది.